నేను కట్టిన మెంతికూరకు తమరు అంటించిన ఆకు బొమ్మ

అల్ ఖోబర్, సౌదీ అరేబియా,
గురువారం.

శ్రీయుత షాబాజ్ గారికి,
కూరగాయల నాణ్యత తనిఖీ అధికారి,
సూపర్ మార్కెట్ ప్రాంతీయ కార్యాలయము.

అయ్యా,

విషయం: తమ సూపర్ మార్కెట్లో ఆర్గానిక్ అను చీటీతో అమ్ముచున్న ఆకుకూరలు ఆర్గానిక్ కావనియు, వాటికి మందు కొట్టినది నేనేననియు, అయితే నా అంతట నేను కొట్టలేదనియు, కావున ఆదివారం నాడు నాచేత సంతకం పెట్టించదలచిన అరబ్బీ కాగితమును రద్దు చేయవలెననియు కోరుట గురించి.

జగిత్యాల జిల్లా వాస్తవ్యుడను, ప్రస్తుతం ధహ్రాన్ దాటి గంటన్నర దూరంలోని మజ్రాలో, అనగా తమ కంపెనీకి ఆకుకూరలు పంపే తోటలో, ఆరేండ్లుగా పనిచేయుచున్న నాగేందర్ అను నేను వినయపూర్వకముగా విన్నవించుకొనునది ఏమనగా:

అర్జీ తెలుగులో ఉన్నందుకు ఆశ్చర్యపోవద్దు. మంగళవారం నాడు తమరే, "నేను ప్రొద్దుటూరులో తెలుగు మీడియం చదివినోణ్ణి, నువ్వు తెలుగులోనే రాసి తీసుకురా, నేను పైకి పంపిస్తా" అని సెలవిచ్చారు. ఇక అర్జీ రాయడం నాకు కొత్త కాదు. ఇక్కడికి రాకముందు మా మండలాఫీసు ఎదుట స్టూలు వేసుకుని నాలుగేండ్లు జనానికి అర్జీలు రాశాను. అర్జీ పైకి పంపడమంటే ఏమిటో, ఆ పైన అది ఏ బీరువా కింద చెక్కగా పనికొస్తుందో కూడా తెలుసు. అయినా రాస్తున్నాను. వేరే దారి లేక రాస్తున్నాను.

1. నా ఉద్యోగము గురించి:

నా ఇఖామాలో, అనగా ఈ దేశంలో ఉండుటకు ఇచ్చిన అనుమతి కార్డులో, వ్యవసాయ కూలీ అని ఉన్నది. చేసే పని రెండు విధములు. సోమవారం మందు కొట్టడం. బుధవారం కోసి కట్టలు కట్టడం. మందు డబ్బా మీద, కొట్టిన తరువాత పద్నాలుగు రోజుల వరకు కోయరాదని బొమ్మలు వేసి మరీ రాసి ఉన్నది. ఈ సంగతి మా ఫోర్‌మన్ అబ్దుల్ ఘనీ గారికి మొదటి ఏడాదే చూపించాను. ఆయన కదిరి వైపు మనిషి. డబ్బా నా చేతిలోంచి తీసుకుని, తిప్పి చూసి, తిరిగి నా చేతికే ఇచ్చారు.

"ఏమప్పా, పద్నాలుగు దినాలు ఊరికే పెట్టుకుంటే కూర ముదిరిపోదా? పురుగు కొరికిన ఆకు ఎవురు కొంటారు? కొట్టు, కొయ్యి, కట్టు. చదువుకున్నోడివని నిన్ను పెట్టుకుంటే డబ్బాలన్నీ చదవతాండావే."

అప్పటినుంచి నేను డబ్బాలు చదవడం మానుకున్నాను. ఆ నేరం నాదే. దానికి వేరే కాగితం ఉంటే తెప్పించండి, సంతకం పెడతాను.

2. దారము మరియు ముడి గురించి:

ఇది కొంచెం వివరంగా రాయవలసి ఉన్నది. తమరు విసుగుపడకుండా చదవవలెను.

ఎండకు రబ్బరు బ్యాండ్లు కరిగి తెగిపోతున్నాయని మజ్రాలో వాటిని ఆపివేశారు. కట్టలకు దారం కొనడం దండగ అని ఫోర్‌మన్ గారు ఒక ఉపాయం కనిపెట్టారు. యూరియా సంచి మూతికి కుట్టిన దారం ఉంటుంది కదా, తెల్లదారంలో నీలం పోగు కలిసినది. దాన్ని లాగి మా ఒళ్లో పడేస్తారు. మేము దానితో కట్టలు కడతాము. యూరియా వేయని కూర అని తమరు అమ్మే ప్రతి కట్టా యూరియా సంచి దారంతోనే కట్టి ఉన్నది. ఇంతమంది తనిఖీదారుల్లో ఒక్కరికీ ఆ నీలం పోగు కనపడలేదంటే వారి కళ్లకు నా నమస్కారములు.

ఇక ముడి. మా తల్లి చిన్నవ్వ బీడీలు చుడుతుంది. ఆమెది ఎడమ చేతివాటం. కట్టకు దారం ఎడమకు రెండు చుట్లు చుట్టి, కొసను కింద నుంచి తోసి, గోటితో నొక్కుతుంది. నేను చిన్నప్పుడు బడినుంచి వచ్చి ఆమె పక్కన కూర్చుని కట్టలు కట్టేవాణ్ణి గనుక నాకూ అదే అలవాటైంది. మిగతావాళ్లంతా కుడికి చుడతారు. బీడీల కార్ఖానాలో కట్టలు చూసే సేటు ముడి మీద వేలు పెట్టి, "ఇది చిన్నవ్వది" అనేవాడు. లోపల ఒక్క బీడీ వదులుగా ఉన్నా తీసి పక్కకు పారేసి, చిన్నవ్వను పేరు పెట్టి పిలిచి అడిగేవాడు. ఆ రోజుల్లో ఆ సేటును ఎంతో తిట్టుకున్నాను. పొగతాగే బీడీకి కూడా అడిగేవాడొకడు ఉన్నాడు. పిల్లలు తినే మెంతికూరకు తమ కంపెనీలో అట్టివాడు ఒక్కడూ లేడు. ఆ సేటుకు ఈ అర్జీ మూలకముగా క్షమాపణ చెప్పుకొనుచున్నాను.

3. దేవన్నకు నేను చేసిన అపకారము గురించి:

దేవన్నది మా ఊరే. ఇక్కడ ఖోబర్లో ఏసీల మెయింటెనెన్స్ పని. కామెర్లు ముదిరి లివర్ దెబ్బతిని ఇరవై రోజులు ఆస్పత్రిలో ఉండి రూముకు వచ్చాడు. నూనె, మసాలా మానాలని, మందులు కొట్టని కూరలు తినాలని డాక్టరు చెప్పాడు. శుక్రవారం నాకు సెలవు. ప్రతి శుక్రవారం వెళ్లి వాడికి పప్పు, మెంతికూర వండిపెట్టి రావాలని అనుకున్నాను.

అయ్యా, నేను ఆకుకూరల మధ్యన బతికేవాణ్ణి. చెయ్యి చాపితే మెంతికూర ఉచితంగా వస్తుంది. కానీ దానికి ఏం కొట్టానో నాకు తెలుసు గనుక ఒక్క కట్ట కూడా వాడి కోసం తీసుకురాలేదు. దేవన్నకు నా చేతి కూర పెట్టకూడదని, జన్మలో మొదటిసారి తమ సూపర్ మార్కెట్లోకి వెళ్లాను.

అక్కడ ఆర్గానిక్ కూరలకు వేరే మూల ఉన్నది. కర్ర పెట్టెలు, వాటిలో ఎండుగడ్డి, పైనుంచి చల్లటి తుంపర, వెనక గోడమీద నవ్వుతున్న ఒక గడ్డం రైతు ఫొటో. ఆ రైతు ఎవరో మా మజ్రాలో ఎవరికీ తెలియదు. అంత తెల్లటి గోళ్లున్న మనిషి మా మజ్రాకు వచ్చి ఉంటే మేము మరిచిపోయేవాళ్లం కాదు. కట్ట నడుముకు వెడల్పాటి కాగితం చుట్టి ఉన్నది. దానిమీద పచ్చటి ఆకు బొమ్మ, ఒక నంబరు, రసాయన మందులు వాడలేదని రెండు భాషల్లో హామీ. నా పక్కన ఒక దొరసాని ఆ బొమ్మను వేలితో ఇటూ అటూ రుద్ది చూసి, తృప్తిగా బుట్టలో వేసుకుంది. ఆమెను చూసి నేనూ వేసుకున్నాను. మండలాఫీసు ముందు స్టాంపుల విలువ తెలిసినవాణ్ణి, ఆకు బొమ్మకు పడిపోయాను. నన్ను ఎంత తిట్టినా తక్కువే.

మూడు శుక్రవారాలు వండి పెట్టాను. కాగితం చింపి, కట్టను కత్తితో మొదట్లోనే కోసి పారేసేవాణ్ణి గనుక ముడి చూడలేదు. నాలుగో శుక్రవారం కూర గిల్లుతానని దేవన్న కట్ట అడిగి తీసుకున్నాడు. వాడి భార్య పుష్ప కూడా బీడీలు చుడుతుంది. కార్ఖానాలో మా తల్లి పక్కనే ఆమె పీట. కాగితం తీసి దారం చూసి వాడు నవ్వాడు.

"ఏందిరా నాగేందర్, గిది మన చిన్నవ్వ ముడి గాదుర? గీ ఊర్ల చిన్నవ్వ ముడి ఎవలేస్తున్నరు?"

నేను చూశాను. ఎడమకు రెండు చుట్లు. కొస కింద నుంచి. నీలం పోగు. గోటి నొక్కుతో సహా.

అయ్యా, ఈ పేరాలో అర్జీ భాష నాకు సాయం రావడం లేదు. నేను ఏడ్చాను. వాడు అప్పటికి మూడు వారాలుగా ఏది తిన్నా కక్కుతున్నాడు. అది జబ్బువల్లనో, మందువల్లనో చెప్పడానికి నేను డాక్టరును కాను. పెట్టింది మాత్రం నేను. ప్రేమగా, కలిపి, ముద్దలు చేసి పెట్టాను.

4. చీటీల గురించి:

మరునాడు సెలవు పెట్టి తమ సూపర్ మార్కెట్ కూరల విభాగంలో పనిచేసే ఒక హైదరాబాదు తమ్ముణ్ణి అడిగాను. పేరు రాయను. రాస్తే ఆదివారం అతని చేత కూడా సంతకం పెట్టిస్తారు.

"అరె భాయ్, ఆర్గానిక్‌ది, మామూలుది, రెండు డబ్బాలు ఒకటే ట్రక్కుల వస్తయి. గీ డబ్బాకు ఆకు పెట్టు అంటే ఆకు పెడ్తం. ఒక్కోపారి చీటీల రోల్ అయిపోతది. గప్పుడు గా కూర మామూలు కూరనే."

తమ కంపెనీలో ఈ విషయమై నిజం చెప్పినవాడు ఇప్పటివరకు ఇతడొక్కడే. చీటీల రోలు ఉన్నంతసేపు కూర ఆర్గానిక్, అయిపోతే కాదు. ఇంత తేలికైన వ్యవసాయం మా తాతముత్తాతలు ఎరుగరు.

5. తమ దర్శనము గురించి:

మంగళవారం నాడు తమరు నాకు పది నిమిషముల సమయం దయచేసినారు. పుదీనా వేసిన టీ కూడా తెప్పించినారు. ఉపవాసమని అబద్ధం చెప్పి నేను తాగలేదు, మన్నించవలెను. నేను ఆ నాలుగో శుక్రవారం నుంచి చెప్పాలనుకున్నదంతా చెప్పిన తరువాత తమరు కంప్యూటరు తెర నావైపు తిప్పినారు.

"సూడు నాగేందర్, సిస్టంలో అంతా క్లీన్‌గా ఉండాది. సర్టిఫికెట్ వ్యాలిడ్. ఆడిట్ పాస్. ట్రేసబిలిటీ ఉండాది."

ట్రేసబిలిటీ అంటే ఏమిటని అడిగితే, ఏ కట్ట ఏ తోటలోంచి వచ్చిందో వెనక్కి వెళ్లి కనుక్కోగలగడం అన్నారు. నేను కట్ట బల్లమీద పెట్టి, "సార్, నేను గదే చెప్తున్న. గీ కట్ట నా చేతుల నుంచి వచ్చింది" అన్నాను. తమరు కట్టను ముట్టుకోలేదు. గోడకు ఫ్రేము కట్టి తగిలించిన సర్టిఫికెట్ వైపు చూపించినారు.

ఆ సర్టిఫికెట్ ఎట్లా వచ్చినదో చెప్పడానికి నాకు అవకాశం దొరకలేదు గనుక ఇక్కడ రాయుచున్నాను. మజ్రా గేటు పక్కన నాలుగు మళ్లు ఉన్నాయి. వాటికి ఏ మందూ కొట్టము. పెంట ఎరువు తప్ప ఏదీ వేయము. పురుగులు హాయిగా బతుకుతుంటాయి. తనిఖీదారు వచ్చే రోజున మందు ట్యాంకుల మీద ఖర్జూరపు మట్టలు కప్పి, మాకు కొత్త టోపీలు ఇస్తారు. పోయినసారి వచ్చినాయన ఆ నాలుగు మళ్ల దగ్గర నిలబడి ఫొటో తీయించుకుని, ఒక కీర దోసకాయ కొరికి, బాగుందని చెప్పి వెళ్లిపోయాడు. వెనకాల ఉన్న తోట ఎంతో ఆయన అడగలేదు. కారు దిగిన బూట్లకు మట్టి అంటలేదు.

చివరికి తమరు లేచి నిలబడి, నా భుజం మీద చెయ్యి వేసి, "మా ఇంట్లో ఆర్గానిక్ తప్ప వేరేది రానీయం నాగేందర్. మా పాప షబ్నమ్‌కి మెంతికూర పరాటా అంటే ప్రాణం. నాకు నమ్మకం లేకుంటే నా బిడ్డకు పెడతానా?" అన్నారు.  నమ్మి పెట్టిన మరొకడిని నాకు తెలుసు.

6. కాగితము గురించి:

నేను నోటితో చెప్పిన ఫిర్యాదును తమరు నిజంగానే పైకి పంపినట్టున్నారు. చాలా తొందరగా కిందికి వచ్చింది. నిన్న బుధవారం, నేను కట్టలు కడుతుండగానే అబ్దుల్ ఘనీ గారు ఒక అరబ్బీ కాగితం తెచ్చారు. అరబ్బీ చదవగల ఖాదర్ నా పక్కన కూర్చుని కడతాడు. అతను చదివి చెప్పాడు. నాగేందర్ అను నేను, యాజమాన్యమునకు తెలియకుండా, నా సొంత బుద్ధితో, ఆర్గానిక్ మళ్లకు మందు కొట్టినాననియు, పశ్చాత్తాపపడి నా ఇష్టపూర్వకముగా ఎగ్జిట్ మీద దేశము విడిచి పోవుచున్నాననియు అందులో ఉన్నది.

"పెట్టెయ్యప్పా. పెడితే మర్యాదగా ఎగ్జిట్ వస్తాది. లేదంటే ఆదివారం హురూబ్ పెడతారు, పని ఇడిసి పారిపోయినావని. మళ్లా నువ్వు ఏడికీ పోలేవు" అన్నారు ఘనీ గారు. ఆయన నా మొహం చూడకుండా చెప్పారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన చేతికి కూడా ఎవరో అట్లాగే చూడకుండా ఇచ్చి ఉంటారు.

అయ్యా, ఆ కాగితం రాసినవారి తెలివికి నేను నవ్వలేక చస్తున్నాను. ఆరేండ్లు, ప్రతి సోమవారం, యాజమాన్యమునకు తెలియకుండా, యాజమాన్యము వారి ట్యాంకుతో, యాజమాన్యము వారి డీజిల్ పంపుతో, యాజమాన్యము వారు కొనిపెట్టిన మందును, పన్నెండు మంది కూలీలు చూస్తుండగా, నేనొక్కణ్ణే అంత తోటకు రహస్యంగా కొట్టానట. ఇంత పని చాటుగా చేయగలిగినవాణ్ణి ఎగ్జిట్ మీద పంపించడం కంపెనీకే నష్టం. జీతం పెంచి ఉంచుకోవాలి.

నవ్వి ఊరుకునేవాణ్ణే. ఇంటికి పోతే పోయాను, మండలాఫీసు ఎదుట స్టూలు ఇంకా ఖాళీగానే ఉండి ఉంటుంది. కానీ ఈ సంగతి ఫోనులో దేవన్నకు చెప్పాను.  వాడు ఒక్క మాట అన్నాడు.

"సంతకం పెట్టకురా. పెడ్తే నాకు ఇసం పెట్టింది నువ్వే అయితవ్."

ఇదే నా బాధ, ఇంతకంటే వేరే లేదు. ఉద్యోగం పోవడం కాదు. ఆ కాగితం మీద సంతకం పెడితే తెలియక పెట్టిన ముద్దలు తెలిసి పెట్టినవి అవుతాయి. నేను వాడి మంచం పక్కన కూర్చోలేను. ఊరికి పోతే పుష్ప ఎదుట పడలేను.

కావున తమరి నుండి కోరుకొనునవి:

క) సదరు అరబ్బీ కాగితమును ఆదివారం ఉదయం లోపల రద్దు చేయించి, నాపై హురూబ్ పెట్టకుండా ఆపవలెను.

ఖ) చీటీ తీసివేయుటకు మనసు రానిచో, దానిమీద నిజము అచ్చు వేయించవలెను. నాలుగేండ్ల అనుభవముతో నమూనా రాసి ఇచ్చుచున్నాను: "ఈ మెంతికూరకు సోమవారం మందు కొట్టి, బుధవారం కోసి, యూరియా సంచి దారంతో కట్టబడినది. ఆకు బొమ్మ అందము కొరకు మాత్రమే." దీనికి రోలు అయిపోదని హామీ ఇవ్వగలను.

గ) గడ్డం రైతు ఫొటో తీసివేసి మా పన్నెండు మంది ఫొటో పెట్టవలెను. నవ్వమంటే నవ్వుతాము. టోపీలు కూడా ఉన్నాయి.

జతపరచినవి: ఆకు బొమ్మ కాగితముతో సహా మెంతికూర కట్ట ఒకటి, వాడిపోయినది. నీలం పోగు దారము ఇంకా మూతికి వేలాడుచున్న యూరియా సంచి ముక్క ఒకటి. రెండు దారములను పక్కపక్కన పెట్టి చూడుటకు సర్టిఫికెట్ అవసరం లేదు, కిటికీ దగ్గరి వెలుతురు చాలు.

పై సంగతులన్నియు చిత్తగించవలెను. చిత్తము వేరే చోట ఉన్నచో కనీసం జతపరచిన కట్టనైనా తాకి చూడవలెను.

ఆదివారం ఉదయం వరకు
తమ విధేయుడు,
నాగేందర్

తా.క.: షాబాజ్ సాబ్, అర్జీ అయిపోయింది, ఇది మామూలు మాట. మంగళవారం మీ టీ ట్రేలో గ్లాసు పక్కన పుదీనా కట్ట ఉండె. ఆకు బొమ్మ కాగితం సగం చింపి ఉండె. లోపల దారం ఎడమకు చుట్టి ఉండె. అందుకే నేను తాగలేదు. మీరు రెండు గ్లాసులు తాగారు. అప్పుడే చెప్పాల్సింది. కుర్చీలో కూర్చోబెట్టి మర్యాద చేస్తున్న మనిషికి చెప్పడానికి భయపడ్డాను. ఘనీ గారు కాగితం తెచ్చినప్పుడు కూడా నాకు ఇంత సిగ్గు వేయలేదు.

ఈ అర్జీ చించేస్తే చించేయండి. ఇంట్లో అమ్మగారికి ఒక్క మాట చెప్పండి. పరాటాకు మెంతికూర విప్పేముందు దారం చూడమనండి. ఎడమకు చుట్టి ఉంటే నేను కట్టింది. కుడికి చుట్టి ఉంటే నా పక్కన కూర్చునే ఖాదర్ కట్టింది. రెండూ పాపకు పెట్టొద్దు.